పొగగొట్టంలో ఆకాశం

నెలకోసారి, శనివారం పొద్దున్న, కాఫీలూ టిఫిన్లూ అయిపోయాక, తెనాలిలో మా వంటింట్లో ఓవెను ప్లగ్గు తీసేసి, తలుపు బార్లా తెరిచి, లోపలి గోడలకి తడిపిన వంటసోడా ముద్ద పట్టించి మధ్యాహ్నం దాకా అలా వదిలేస్తాను. పొంగి కారి, మాడి, గోడలకి అట్టకట్టిన వెన్నా పంచదారా ఆ సోడాలో నెమ్మదిగా నానుతూ ఉంటే ఒక వాసన బయల్దేరుతుంది. కొంచెం మాడిన బెల్లంలాగా, కొంచెం తడిసిన మసిలాగా ఉండే ఆ వాసన తగలగానే మా ఆయన కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోతారు. నేను మాత్రం చేతిలో గుడ్డ పట్టుకుని ఇంకో నిమిషం అక్కడే నిలబడతాను. ఆ నిమిషంలో నాకు పదకొండేళ్ళు ఉంటాయి. బాపట్లలో, పెద్దమ్మ వంటింట్లో, మోచేతుల దాకా మసి పూసుకుని ఉంటాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క, సలోమమ్మ. మేము ఉండేది రేపల్లెలో. నాన్న ఒక ఆఫీసులో గుమస్తా, అమ్మ బడిపంతులమ్మ. సెలవులు ఇచ్చీ ఇవ్వగానే నన్ను రైలెక్కించి, తెనాలిలో బండి మార్పించి, బాపట్ల స్టేషన్లో పెద్దమ్మకి అప్పజెప్పి నాన్న మళ్ళీ సాయంత్రం బండికి వెళ్ళిపోయేవారు. పెద్దమ్మ చిన్న వయసులోనే భర్తని పోగొట్టుకుని, ఒక్కగానొక్క కూతురు రూతక్కని చంకనేసుకుని, మిషను బంగళాలో వంటకి కుదిరిందట. అక్కడ దొరసాని దగ్గర ఇరవయ్యేళ్ళు వండింది. ఆ దొరసాని చివరికి తన దేశం వెళ్ళిపోతూ, నీకేం కావాలి సలోమీ అని అడిగితే, బీరువా అడగలేదు, గోడ గడియారం అడగలేదు, ఈ పొయ్యి ఇప్పించండి చాలు అందట. అలా ఆ ఇనప్పొయ్యి రెండెడ్ల బండి మీద, ఆరుగురు మనుషులు పట్టుకోగా, మా పెద్దమ్మ పెంకుటింటికి వచ్చింది.

ఆ పొయ్యిని చూడనివాళ్ళకి ఎలా ఉంటుందో చెప్పాలి. నడుమెత్తున, మంచమంత పొడవున ఉండే నల్లటి పోత ఇనుము పెట్టె అది. ఎడమ పక్కన కట్టెలు పెట్టే గూడు, దాని కింద లాగితే బయటికొచ్చే బూడిద సొరుగు, కుడి పక్కన బరువైన తలుపుతో ఓవెను, పైన గిన్నెలు పెట్టుకునే ఇనప పలక. వెనక నుంచి తాటిబొందంత లావు పొగగొట్టం బయల్దేరి, గోడలోంచి బయటికి వెళ్ళి, అక్కడ మలుపు తిరిగి ఇంటికప్పు దాటి పైకి లేచేది. పూటపూటా వంటకి పెరట్లో మట్టిపొయ్యి ఉండేది. ఇనప్పొయ్యిని వెలిగించేది చలికాలంలోనే. వానలు వెనకపట్టాక సరుగుడు తోపుల నుంచి కట్టెలు వచ్చేవి. ఎండిన సరుగుడుకి ఒక రకమైన తియ్యటి వాసన ఉంటుంది. పెరటి గోడవార వాటిని పేర్చిన రోజు నుంచి మాకు క్రిస్మస్ మొదలైనట్టే. ఆ కట్టెల పక్కనే తొక్కుడుబిళ్ళ గీతలు గీసుకునేవాళ్ళం, ఆ కట్టెల వెనకే దాగుడుమూతలు ఆడి, మోచేతులు గీరుకుని, కొబ్బరినూనె రాయించుకునేవాళ్ళం.

డిసెంబరు రెండోవారం నుంచి ఆ వీధి వీధంతా పెద్దమ్మ వంటింటి చుట్టూ తిరిగేది. బాపట్లలో అప్పటికి ఇళ్ళల్లో ఓవెన్లు లేవు. ఎవరి పిండి వాళ్ళు కలుపుకుని, ఎవరి రేకు డబ్బా వాళ్ళు తెచ్చుకుని, పెద్దమ్మ దగ్గర కాల్చుకుని పట్టుకెళ్ళేవాళ్ళు. చర్చికి వచ్చే కుటుంబాలే కాదు, ఎదురింటి సీతారావమ్మ పిన్నిగారు కూడా వచ్చేవారు. వాళ్ళు పెద్ద రైతులు, ఇంట్లోకి గుడ్డు రానివ్వరు. అందుకని ఆవిడ కోసం పెద్దమ్మ ఎప్పుడో బంగళాలో నేర్చుకున్న పద్ధతిలో గడ్డపెరుగూ, పాలూ పోసి, జీడిపప్పు గుచ్చి విడిగా ఒక కేకు చేసేది. బదులుగా వాళ్ళింటి నుంచి అరిసెలూ, జంతికలూ తాటాకు బుట్టల్లో వచ్చేవి. జాజికాయ, యాలకులు, కరిగిన వెన్న, సరుగుడు పొగ, వీటన్నిటి మధ్యా బెల్లంపాకం వాసన. ఆ వంటింట్లోంచి బయటికి వచ్చినవాళ్ళ చీరలు మర్నాటి దాకా ఘుమఘుమలాడేవి.

ఓవెను వేడి ఎంతుందో చూడటానికి పెద్దమ్మ దగ్గర ఏ ముల్లూ లేదు. తలుపు తెరిచి, ఇనుముకి తగలకుండా అరచెయ్యి లోపలి గాలిలో ఉంచి, పరలోక ప్రార్థన మొదలుపెట్టేది. సగంలోనే చెయ్యి లాగేసుకోవాల్సి వస్తే అది బన్నులకి తగిన వేడి. ఇంచుమించు చివరిదాకా ఓర్చుకోగలిగితే కేకుకి తగినది. ఆమెన్ అనేదాకా హాయిగా ఉంటే ఇంకో రెండు కట్టెలు పడాలి. మేము నవ్వేవాళ్ళం. ఆవిడ నవ్వేది కాదు. దేవుడి పేరు తలుచుకోవటమూ, వేడి చూడటమూ ఆవిడకి ఒకే శ్రద్ధతో చేసే పనులు.

అంతకంటే శ్రద్ధ ఆ పొయ్యిని శుభ్రం చెయ్యటంలో ఉండేది. వెలిగించిన మర్నాడు, పొయ్యి పూర్తిగా చల్లారిందని చేత్తో తాకి చూసుకున్నాకే పని మొదలు. వెచ్చగా ఉండగా తడిగుడ్డ తగలనిచ్చేది కాదు. ముందు బూడిద సొరుగు. అందులో పైకి చల్లగా కనపడే బూడిద అడుగున నిప్పుకణిక రెండు రోజులైనా బతికే ఉంటుందని, దాన్ని ఎప్పుడూ ఇనప బకెట్లోకే తోడించి, మూతపెట్టి, గడ్డివామికి దూరంగా పెట్టించేది. తరవాత ఓవెను. కారిన పాకాన్ని చెక్క గరిటెతో గీకి, సోడా ముద్ద రాసి, నానబెట్టి, పొడిగా తుడవాలి. కిరసనాయిలు గుడ్డ పెడితే క్షణంలో పోతుంది కదా పెద్దమ్మా అని ఒకసారి అన్నందుకు నా చెవి మెలిపెట్టింది. "ఆ వాసన ఇనుము తాగుద్ది. రేపు మంట పెడితే ఏం చేసుద్దో నీకు తెలుసా?" అంది. చివరగా పలక మీద నాలుగు చుక్కల ఆముదం వేసి, తుప్పు పట్టకుండా పల్చగా రుద్దేది. అప్పుడది కొత్త పలకలాగా నిగనిగలాడేది.

ఏడాదికోసారి, మొదటిసారి వెలిగించేముందు, పొగగొట్టం సంగతి చూడాలి. వానాకాలమంతా గొట్టం నెత్తిన ఒక రేకు టోపీ ఉండేది. వానలు పోయాక ఎవరో ఒకరు పైకెక్కి దాన్ని దించేవాళ్ళు. ఆ తరవాత తాడుకి కొబ్బరిపీచు కట్ట కట్టి పైనుంచి దింపి మసి దులపాలి. గోడ బయట, గొట్టం మలుపు తిరిగే చోట అడుగున ఒక చిన్న మూత ఉంటుంది. దాన్ని తీసి, రాలిన మసి తోడేసి, ఆ కన్నం కింద చేతి అద్దం పెట్టి చూడాలి. గొట్టం శుభ్రంగా ఉంటే ఆ అద్దంలో గుండ్రంగా, రూపాయి బిళ్ళంత ఆకాశం కనపడుతుంది. ఆకాశం కనపడందే అగ్గిపుల్ల గియ్యకూడదు. అది ఆ ఇంటి చట్టం. నేను ఐదో తరగతికి వచ్చినప్పటి నుంచి అద్దం పెట్టి చూసే పని నాది. ఆ పని నాకు అప్పగించినప్పుడు వీధిలో పిల్లలందరి ముందూ ఎంత గర్వంగా తిరిగానో చెప్పలేను.

ఆ ఏడాది రూతక్క పురిటికి వచ్చి, మూడో నెల పాపతో అక్కడే ఉంది. మసి దులపటం, టోపీ దించటం డిసెంబరు మొదట్లోనే అయిపోయాయి. కానీ ఈదురుగాలులకి పాపకి జలుబు చేసి, ఇల్లంతా హడావుడై, పొయ్యి వెలిగించటం రెండు వారాలు వెనక్కి పోయింది. చివరికి ఒక శుక్రవారం పొద్దున్న పెద్దమ్మ పిండి జల్లిస్తూ నన్ను కేకేసింది.

"సుజీ, ఒకసారి అద్దం పెట్టి చూసిరావే. ఇన్నాళ్ళైంది, ఏం పడిందో ఏంటో."

నేను అద్దం పట్టుకుని వెళ్ళాను. ఇంటి మలుపు తిరిగేసరికి అవతల సందులో తొక్కుడుబిళ్ళ ఆట మంచి పాకాన పడి ఉంది. నా జట్టుది ఒక్క గడి మిగిలింది, పండించాల్సింది నేనే. మొన్ననేగా మసి దులిపారు, ఏముంటుంది అనుకున్నాను. మూత బిగుసుకుపోయి ఉంటుంది, దాన్ని ఊడబెరకాలి, మళ్ళీ చేతులు కడుక్కోవాలి. అద్దం లంగా జేబులో పెట్టుకుని వెళ్ళి గడి పండించి వచ్చాను.

"కనపడిందా?" అని అడిగింది పెద్దమ్మ.

"కనపడింది పెద్దమ్మా," అన్నాను. ఆకాశం ఎంత నీలంగా ఉందో కూడా చెప్పాను.

నిజానికి ఆ రెండు వారాల్లో గోరింకలు ఆ గొట్టంలోకి గడ్డీ, గుడ్డపీలికలూ, ఎండుటాకులూ బుట్టెడు దూర్చాయి. వెలిగించగానే పొగ కాస్త వెనక్కి కొట్టింది. కట్టె పచ్చిదేమో అనుకుంది పెద్దమ్మ. నేను చెప్పిన మాట మీద ఆవిడకి అనుమానం రాలేదు. మొదట్లో గడ్డి సందుల్లోంచి ఎంతో కొంత పొగ పోయినట్టుంది. మంట తగ్గి, కేకుకి తగిన నిప్పులు మిగిలేసరికి పైనున్న గడ్డి అంతా జారి మలుపులో పడి గొట్టాన్ని బిరడాలా మూసేసింది. కళ్ళు మండే పొగ కూడా లేదు. నిప్పులు ఎర్రగా, అందంగా కుమిలాయి. సముద్రం వైపు నుంచి చలిగాలి విసురుతోందని వంటింటి తలుపులూ, కిటికీలూ వేసే ఉన్నాయి. వంటింటికి ఆనుకుని ఉన్న గదిలో వెచ్చగా ఉంటుందని చీర ఉయ్యాల కట్టి పాపని పడుకోబెట్టింది రూతక్క. ఉయ్యాల ఊపుతూ, గోడకి జారబడి తనూ కన్ను మూసింది. మిగతా ఆడవాళ్ళందరూ పెరట్లో పందిరి కింద పిండి గిలక్కొడుతూ, కబుర్లు చెప్పుకుంటూ ఉన్నారు.

మధ్యాహ్నం మూడింటికి పెద్దమ్మ మొదటి డబ్బా చూద్దామని లోపలికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను, కేకు అంచు విరిచి పెడుతుందన్న ఆశతో. ఓవెను తలుపు తెరిచిన పెద్దమ్మ చెయ్యి లోపల పెట్టలేదు. నిప్పుల వైపు ఒకసారి చూసి, నుదురు పట్టుకుని, "ఇదేంటి, నిప్పు లాగట్లేదేంటి," అంది. మరుక్షణం పక్కగదిలోకి తిరిగి, "రూతూ!" అని పిలిచింది. పలకలేదు. ఇంకోసారి పిలిచింది. అక్క తల ఒక పక్కకి వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

అరవయ్యేళ్ళ మనిషి అంత వేగంగా కదలగలదని నేనెప్పుడూ అనుకోలేదు. ఉయ్యాల్లోంచి పాపని లాగి నా చేతుల్లో పడేసి, "బయటికి పరిగెత్తు, ఆగమాక!" అని అరిచింది. పాప నా చేతుల్లో తడిగుడ్డలాగా వేలాడింది. ఏడవలేదు. నేను పెరట్లోకి వచ్చి నిలబడితే సీతారావమ్మ పిన్నిగారు నా చేతుల్లోంచి పాపని లాక్కుని, గాలికి పట్టుకుని, వీపు రుద్దటం మొదలుపెట్టారు. పెద్దమ్మ రూతక్కని చంకల కింద పట్టుకుని ఈడ్చుకుంటూ గడప దాటించింది. అరుపులు విని ఎదురింటి నుంచి శేషయ్య బాబాయిగారు పరిగెత్తుకొచ్చి, ఇల్లు అంటుకుందనుకుని, నీళ్ళ బకెట్ ఎత్తుకుని వంటింట్లోకి దూసుకుపోయారు.

"నీళ్ళు పొయ్యొద్దండీ, శేషయ్యగారూ!" అంది పెద్దమ్మ. ఆ మాట అందేలోపు అయిపోయింది. భుగ్గుమని ఆవిరి లేచింది. దాని వెంటనే, కొండరాయి పగిలినట్టు ఒక చప్పుడు వచ్చింది. పలక ఈ చివర నుంచి ఆ చివరకి చీలిపోయింది. బాబాయిగారి ముంజేతికి ఆవిరి కొట్టి బొబ్బలు లేచాయి.

పాప ఏడుపు వినపడటానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. వీధిలో వాళ్ళు ఐదు నిమిషాలన్నారు. ముందు ఒక చిన్న ఎక్కిళ్ళ చప్పుడు, తరవాత సన్నటి కీచు, ఆ తరవాత వీధి చివరిదాకా వినపడే ఏడుపు. అంత మంది ఆడవాళ్ళు ఒక పసిపిల్ల ఏడుస్తుంటే దేవుడికి దణ్ణాలు పెట్టటం అప్పుడే చూశాను. రిక్షాలో ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రూతక్క దారిలోనే కళ్ళు తెరిచి, వాంతి చేసుకుని, పాప ఏదని అడిగిందట. డాక్టరుగారు ఆ రాత్రికి ఉంచుకుని మర్నాడు పంపించేశారు. మూసిన గదిలో నిప్పులు కుమిలితే వచ్చే విషపు గాలికి రంగూ ఉండదు, వాసనా ఉండదు, ఇంకో పావుగంట ఆగి ఉంటే నేను చెయ్యగలిగేది ఏమీ ఉండేది కాదమ్మా అన్నారట పెద్దమ్మతో.

మర్నాడు అక్కని ఇంటికి తీసుకొచ్చాక, నేను అన్నం దగ్గర కూర్చోలేకపోయాను. గోడ బయట చప్పుడవుతుంటే వెళ్ళి చూశాను. పెద్దమ్మ మూత తీసి, వంగి, గొట్టంలోంచి గడ్డి లాగుతోంది. పక్కన కుప్ప పడి ఉంది. అందులో ఒక ఎర్ర రిబ్బను ముక్క నాదే.

"అద్దంలో ఆకాశం కనపడలేదు పెద్దమ్మా. నేనసలు చూళ్ళేదు," అన్నాను.

ఆవిడ తిరిగి చూడకుండానే ఇంకో గుప్పెడు లాగింది. "తెలుసే. ఇంత గడ్డి ఒక్కపూటలో రాదు కదా. నువ్వే వచ్చి చెప్తావా లేదా అని చూస్తన్నా."

నేను ఏడుపు మొదలుపెట్టాను. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆవిడ నడుం పట్టుకుని లేచి, మసి చేతులు దూరంగా పెట్టుకుని, నా ముఖంలోకి చూసింది.

"నాది మాత్రం తప్పు కాదా? పొగ వెనక్కి కొట్టినప్పుడే నేను లేచొచ్చి చూడాల్సింది. చంటిదాన్ని ఆ గదిలో పడుకోబెట్టనివ్వకూడదు. కిటికీ తియ్యాల్సింది. అద్దం పట్టింది నువ్వైనా అగ్గిపుల్ల గీసింది నేను." మళ్ళీ గొట్టం వైపు తిరుగుతూ, "రూతుకి మాత్రం నువ్వే చెప్పు. నేను చెప్పను," అంది.

వంటింటి నుంచి ముందుగదికి పది అడుగులు. ఆ పది అడుగులు నా జీవితంలో నేను నడిచిన అతి పొడవైన దూరం. రూతక్క మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. ముఖం ఇంకా పాలిపోయే ఉంది. నేను గుమ్మం పట్టుకుని మొత్తం చెప్పాను, తొక్కుడుబిళ్ళతో సహా. అక్క పాప పొత్తిళ్ళు సర్దుతూ ఉండిపోయింది. తరవాత, "ఇట్రా, కూర్చో," అంది. కూర్చున్నాక పాపని ఎత్తి నా ఒళ్ళో పెట్టింది. "మెడ కింద చెయ్యి పెట్టు. గట్టిగా పట్టుకో." అంతే. అంతకు మించి ఆ రోజూ అనలేదు, ఆ తరవాతా ఎప్పుడూ అనలేదు. పాప నా వేలు పట్టుకుని నిద్రపోయింది. నేను కదిలితే లేస్తుందేమోనని సాయంత్రం దీపాలు పెట్టేదాకా అలాగే కూర్చున్నాను.

మరి వీధిలో కేకుల సంగతి? పద్నాలుగు ఇళ్ళ కేకులు కాలాల్సి ఉంది, పొయ్యి పగిలిపోయింది. చేతికి కట్టుతో వచ్చిన శేషయ్య బాబాయిగారు పెద్దమ్మ ముందు తల వంచుకుని నిలబడి, "మీ పొయ్యి పాడుచేశానమ్మా," అన్నారు. "పొయ్యిదేముందండి, మనుషులు దక్కారు. మీరు ఇల్లు కాలుతుందని వచ్చారు," అంది పెద్దమ్మ. ఆ మాట అంటూనే ఎదురింటి ఆవరణ వైపు చూసింది. వాళ్ళు కొత్త సావిడి కట్టుకోవటానికి కొల్లూరు నుంచి కృష్ణ ఇసుక తోలించుకున్నారు. "ఒక నాలుగు గంపల ఇసుక ఇప్పించండి," అంది.

ఆ ఆదివారం ఆరాధన అయిపోయాక, ఆ వీధిలో ఎవరూ మరిచిపోలేని పని జరిగింది. పెద్దమ్మ ఇసుకని జల్లించి, ఎండబెట్టి, ఇంటింటి నుంచీ పెద్దపెద్ద ఇత్తడి గుండిగలు తెప్పించింది. పెరట్లో ఆరుబయట వరసగా ఆరు మట్టిపొయ్యిలు. ఒక్కో గుండిగలో నాలుగంగుళాల ఇసుక, ఇసుక మీద ఒక ముక్కాలి చట్రం, దాని మీద పిండి డబ్బా, పైన మూత, మూత మీద నాలుగు నిప్పులు. పిల్లల్ని ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ముగ్గుతో గీత గీసింది. ఆ గీతకి కాపలా నేను. మగవాళ్ళు కట్టెలు అందించారు, సీతారావమ్మ పిన్నిగారు మడి చీరలోంచి మామూలు చీరలోకి మారి వచ్చి రోజంతా నిప్పుల దగ్గర కూర్చున్నారు. కొన్ని కేకులు ఒక పక్క మాడాయి, కొన్ని మధ్యలో గుంటపడ్డాయి, ఒకదానికి ఇసుక తగిలి పళ్ళ కింద కరకరలాడింది. అయినా పద్నాలుగు ఇళ్ళకీ పద్నాలుగు కేకులు వెళ్ళాయి. నేను ఎన్నో మంచి కేకులు తిన్నాను గానీ ఆ ఇసుక కేకు రుచి మళ్ళీ తగల్లేదు.

సెలవులైపోయి నన్ను తీసుకెళ్ళటానికి వచ్చిన నాన్న, పగిలిన పలకని రెండు గోనెసంచుల్లో చుట్టి, రైలులో మా కాళ్ళ కింద పెట్టుకుని రేపల్లె తీసుకొచ్చారు. పోత ఇనుము అతుకు పట్టదని అందరూ అన్నారు. మా ఊళ్ళో పడవల ఇంజన్లు బాగుచేసే ఒక ముసలి మేస్త్రీ మాత్రం దాన్ని తిప్పి తిప్పి చూసి, అతకను గానీ నిలబెడతాను అని, అడుగున ఇనప పట్టీలు వేసి, బోల్టులు బిగించి, సందులో మంటకి ఆగే మట్టి మెత్తి ఇచ్చాడు. ఆ పొయ్యి మరో పన్నెండేళ్ళు వెలిగింది. మరుసటి డిసెంబరులో పెద్దమ్మ మళ్ళీ అద్దం నా చేతికే ఇచ్చింది. ఇంకెవరికైనా ఇస్తుందనుకుని వెనక నిలబడ్డ నన్ను వెతికి పిలిచి మరీ ఇచ్చింది. నేను మూడుసార్లు చూశాను. ఆ తరవాత కిటికీలు తెరిచాను.

గ్యాసు వచ్చాక పెద్దమ్మ పద్ధతులు దానికి తగ్గట్టు మారాయి. బర్నర్లు కడిగితే పూర్తిగా ఆరందే పెట్టకూడదు, కన్నాలు గుండుసూదితో తియ్యాలి, ట్యూబు మీద సబ్బునురుగు రాసి బుడగలొస్తున్నాయా చూడాలి, వాసన తగిలితే స్విచ్చు ముట్టుకోకుండా ముందు తలుపులు తియ్యాలి. డెబ్బయ్యేళ్ళు దాటాక కూడా, మంచం మీద నుంచే, "రెగ్యులేటరు కట్టేశారా?" అని అడిగి, జవాబు విన్నాకే కళ్ళు మూసుకునేది. ఆవిడ పోయి చాలా ఏళ్ళైంది. పెంకుటిల్లు అమ్మేశారు, ఇనప్పొయ్యి పాత ఇనుము కింద వెళ్ళిపోయింది. ఆ ఉయ్యాల్లోని పాప, కృప, ఇప్పుడు రేపల్లెలో లెక్కల టీచరు. నన్ను పిన్నీ అని పిలుస్తుంది. తనకి జరిగింది తెలుసు. నేనే చెప్పాను.

బాపట్లలో ఆ వీధికి ఈమధ్య వెళ్ళాను. అన్నీ మేడలు. ఏ ఇంటి కప్పు మీదా పొగగొట్టం లేదు. డిసెంబరులో కేకులు అట్టపెట్టెల్లో, రిబ్బన్లు కట్టుకుని, బేకరీల నుంచి వస్తున్నాయి. రుచిగానే ఉన్నాయి. పిండి డబ్బా పట్టుకుని ఎదురింటి గడప ఎక్కే మనిషి మాత్రం కనపడలేదు. సరుగుడు కట్టెల వాసన తెలిసినవాళ్ళు ఆ వీధిలో నలుగురైనా మిగిలి ఉంటారో లేదో.

కిందటి నెలలో మా పక్క వాటాలోకి కొత్తగా పెళ్ళైన అమ్మాయి వచ్చింది. మౌనిక అని, నందివెలుగు పిల్ల. పెళ్ళికి ఎవరో ఓవెను బహుమతిగా ఇచ్చారట. ఒకరోజు మధ్యాహ్నం మా తలుపు కొట్టి, "ఆంటీ, ఓవెన్లో కేకు పొంగిపోయిందండీ. ఎట్టా కడగాలో తెలియట్లేదు, ఒకసారి వస్తారా?" అని అడిగింది. వెళ్ళేసరికి ఓవెను ఇంకా వేడిగానే ఉంది, ప్లగ్గు గోడకే ఉంది, పిల్ల చేతిలో తడిగుడ్డ ఉంది.

"ముందు స్విచ్చు ఆపి ప్లగ్గు తియ్యమ్మా. చల్లారనీ. తొందరేం లేదు," అన్నాను. చల్లారేదాకా ఇద్దరం టీ తాగుతూ కూర్చున్నాం. నేను చెబుతుంటే ఆ అమ్మాయి ఒక కాయితం తీసుకుని రాసుకుంది. సోడా ముద్ద, చెక్క గరిటె, వేడి తీగల మీద సోడా పడకూడదు, లోపల నీళ్ళు చిమ్మకూడదు, శుభ్రం చేసే మందులు రెండు కలపకూడదు, కిటికీ తెరిచి ఉంచాలి.

"ఇవన్నీ మీకెవరు చెప్పారండీ?"

"మా పెద్దమ్మ. సలోమమ్మ అని, బాపట్లలో ఉండేది."

"ఇప్పుడు లేరాండీ?"

"లేదమ్మా."

మొన్న అరిసెలు ఇద్దామని వాళ్ళింటికి వెళితే ఆ కాయితం ఫ్రిజ్జు తలుపుకి అంటించి కనపడింది. గుండ్రటి అక్షరాల్లో ఆరు వరసలు. ఆ వరసల పైన, నేను చెప్పకుండానే, తనంతట తనే ఒక మాట రాసి కింద గీత గీసుకుంది. 'సలోమమ్మగారు చెప్పినవి.'